కోపం లేని చెయ్యి

ఆ పరిశోధనశాలలో మనుషుల్ని తిట్టడానికి ఒకామెకు నెలజీతం ఇచ్చేవాళ్ళు. పేరు చెంగమ్మ. తిరుపతిలో కుళాయిల దగ్గర బిందెల వరసలో పేరు మోసిన నోరు ఆమెది. పొద్దున్నే వచ్చి, కాఫీ తాగి, కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి ఎదుటికి పోయి, అతని ఏడు తరాలనీ వరసపెట్టి దులిపేది. ఆ మనిషి చేతిలో తూటాలు లేని తుపాకి ఉండేది. తిట్లు తల్లిదాకా వచ్చేసరికి అతని చెవులు ఎర్రబడేవి, వేలు ట్రిగ్గరు మీద బిగుసుకునేది. ట్రిగ్గరు మాత్రం కదిలేది కాదు. పిడి పక్కన చిన్న దీపం ఎర్రగా వెలిగేది. అప్పుడు చెంగమ్మ, ఏమనుకోవద్దు నాయినా, కడుపు కూటి కోసం అని అతని భుజం తట్టి, రెండో కాఫీకి పోయేది.

ఆ దీపమూ, దాని వెనకున్న తాళమూ సుభాషిణి తయారు చేసినవి. తుపాకి పిడిలో రూపాయి బిళ్ళంత పలచని రేకు ఒకటి ఉంటుంది. పట్టుకున్న అరచేతి నాడిని, చెమటను, వేళ్ళ వణుకును అది చదువుతుంది. నెత్తురు పొంగి ఉన్న చెయ్యయితే లోపల ఒక మేకు జారి ట్రిగ్గరును పట్టేస్తుంది, ఎర్రదీపం వెలుగుతుంది. చెయ్యి నిమ్మళంగా ఉంటే పచ్చదీపం వెలిగి ట్రిగ్గరు కదులుతుంది. అంతే సంగతి. చెప్పుకుంటే ఇంత చిన్నది, చెయ్యడానికి మాత్రం ఆమె యవ్వనమంతా పట్టింది.

ఎందుకింత పట్టుదల అంటే దానికో కారణం ఉంది. సుభాషిణిది కడప జిల్లాలో కొండల కింద రాళ్ళపెంట అనే పల్లె. ఆమె పలకా బలపం పట్టుకు తిరిగే రోజుల్లో, చేనికి నీళ్ళు పారించే వంతు దగ్గర ఆమె నాన్న చెన్నకేశవులుకూ పక్క చేను నడిపెన్నకూ మాటా మాటా పెరిగింది. నడిపెన్నకు లైసెన్సు తుపాకి ఉండేది. ఇంటికి పరిగెత్తి తెచ్చాడు, కాల్చాడు, కాల్చిన మరుక్షణం తుపాకి పారేసి చెన్నకేశవులు తల ఒళ్ళో పెట్టుకుని, ఎంత పని చేసినానురా అని గుండెలు బాదుకున్నాడు. ఆ ఏడుపు సుభాషిణి చెవులారా విన్నది. ఆ చేతిని ఎవరైనా ఒక్క నిమిషం పట్టుకుని ఉంటే తనకు నాన్న ఉండేవాడు అనుకుంది. ఆ ఒక్క నిమిషం పట్టుకునే యంత్రం చేస్తానని పెరిగింది. చేసింది.

తాళం గెలిచింది. అంతకు ముందు తుపాకి కావాలంటే పోలీసులు ఇంటికొచ్చి విచారించేవాళ్ళు. ఎందుకు, ఎవరి మీద భయం, ఇంట్లో తగవులున్నాయా, తాగుతాడా అని ఇరుగుపొరుగును అడిగేవాళ్ళు. ఎన్నికలొస్తే తుపాకులన్నీ స్టేషనులో అప్పజెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు తాళమే కాపలా కాస్తుంటే ఈ తతంగమంతా ఎందుకని ప్రభుత్వానికి తోచింది. కొత్త చట్టం మీద సలహాకు ఒక కమిటీ వేసి సుభాషిణిని పిలిచారు. ప్రమాదం తుపాకిలో లేదు, దాన్ని పట్టిన చేతి ఆవేశంలో ఉంది, ఆ ఆవేశాన్ని మేము ఆపగలుగుతున్నాం అని ఆమె చెప్పింది. అందరూ తలలూపారు. రిటైరైన పోలీసు అధికారి ఒకాయన మాత్రం ఊపలేదు.

"మొరిగే కుక్కకు గొలుసు వేశారు, సంతోషం. మొరగని కుక్క సంగతేమిటమ్మా?" అన్నాడాయన.

ముసలాయన చాదస్తం అనుకుంది సుభాషిణి. గణాంకాలు చూపించింది. చట్టం మారింది. తాళం ఉన్న తుపాకి కొనుక్కునేవాడికి విచారణ లేదు, ఇనప్పెట్టెలో దాచాలన్న నియమమూ లేదు. దరఖాస్తు పెడితే వారం తిరక్కుండా ఇంటికొచ్చేది. మొదటి ఏడాది ఆవేశంలో తుపాకి పేల్చిన కేసులు సగానికి సగం తగ్గాయి. పేపర్లలో సుభాషిణి ఫోటో వేశారు. పరిశోధనశాలలో ఆమె కుడిభుజంలాంటి మస్తాన్ వలి ఆ పేపరుకు ఫ్రేము కట్టించి గోడకు కొట్టాడు.

తాళం ఉన్న తుపాకుల్లో ఒకదాన్ని సుభాషిణి తన చేత్తోనే తెచ్చి అమ్మకిచ్చింది. అమ్మ ఓబుళమ్మ కొడుకులు లేరే అని మూల కూర్చుని ఏడ్చే రకం కాదు. మొగుడు పోయాక ఊళ్ళో వేరుశనగ కాయలు వలిచే మిషను పెట్టుకుని, చుట్టుపక్కల నాలుగు పల్లెల చెనిక్కాయ బుడ్డలన్నీ తన రేకుల షెడ్డుకే వచ్చేలా చేసుకున్న మనిషి. తగవుల్లో పెద్దమనిషిగా ఆమెను పిలిచేవాళ్ళు. అడవిపందులు చేలో పడి కాయంతా తవ్వి పోస్తున్నాయని ఆమె అంటే, బెదిరించడానికి పనికొస్తుందని కూతురు తుపాకి తెచ్చింది. మిషను షెడ్డులో గోడకున్న మేకుకు తూటాలతోనే తగిలించుకుంది ఓబుళమ్మ. కోపంగా ఉన్నప్పుడు పట్టుకుంటే పేలదు మా, నెమ్మదిగా ఉన్నప్పుడే పేలుతుంది అని సుభాషిణి విడమరచి చెప్పింది. ఓబుళమ్మ అన్నీ శ్రద్ధగా విని, అయితే ఇది మనిషి మనసు చూస్తాదన్నమాట అంది. దాదాపు అంతే అంది సుభాషిణి.

ఆ దాదాపు అన్న మాటే కొంప ముంచింది.

రాళ్ళపెంటలో తగవు తేలనప్పుడు దీపమార్పి ప్రమాణం చేయించడం పాత ఆనవాయితీ. వెలిగే దీపాన్ని చేత్తో ఆర్పి, నేను అబద్ధమాడితే నా ఇల్లు ఇట్లే ఆరిపోవాల అనాలి. అలాంటి ఊరికి మనసు చూసే దీపం వచ్చింది. ఒకనాడు గొర్రెల తగవులో ఎవరో ఒకాయన, ఓబుళమ్మక్క తుపాకి తెప్పించండి, వాని మనసులో కల్మషముంటే ఎర్ర, లేకుంటే పచ్చ అన్నాడు. తూటాలు తీసేసి పట్టించారు. పచ్చ వెలిగింది. ఆ మనిషి గెలిచాడు. తర్వాత గట్టు తగవు, తర్వాత మొగుడూ పెళ్ళాల తగవు. ఊళ్ళో పచ్చ వెలిగినోడు అంటే న్యాయం ఉన్నోడు అని అర్థమైపోయింది. ఓబుళమ్మ ఫోనులో ఇదంతా చెప్పి, పాపా, నువ్వు చేసిన సామాను ఈడ దేవుడైపొయ్యింది అని నవ్వింది. సుభాషిణి కూడా నవ్వింది. మర్నాడు భోజనాల దగ్గర అందరికీ చెప్పి నవ్వించింది. అది తప్పు మా, అది న్యాయం చూడదు, నాడి చూస్తుంది అని ఒక్క మాట అమ్మతో చెప్పాలని ఆమెకు ఆ రోజు తట్టలేదు. అంత చదువుకున్న మనిషికి తట్టలేదంటే ఏమనాలి?

నడిపెన్న శిక్ష ముగించుకుని ఎప్పుడో ఊరికొచ్చాడు. ముసలివాడైపోయాడు. ఎవరితోనూ కలిసేవాడు కాదు. ఊళ్ళో మిషను ఒక్కటే ఉంటే వేరే దారేముంది? కొన్నాళ్ళు తన బుడ్డలు పొరుగూరు మోయించుకుని, చివరికి ఒక మధ్యాహ్నం తలొంచుకుని ఓబుళమ్మ షెడ్డుకే వచ్చాడు. పనిచేసే ఆడవాళ్ళు బయట కాయలు ఎండబోస్తున్నారు. వాళ్ళకు లోపల్నించి ఒక్క చప్పుడు వినిపించింది. పరిగెత్తి వచ్చేసరికి నడిపెన్న మూటల మీద ఒరిగి ఉన్నాడు. ఓబుళమ్మ తుపాకిని మేకుకు తగిలించి, మిషను ఆపి, పీట వాల్చుకుని కూర్చుని ఉంది. పోలీసుల్ని పిలవమని ఆమే చెప్పింది.

సుభాషిణికి కబురు తెలిసినప్పుడు ఆమె ముందు టిఫిను పళ్ళెం ఉంది. అమ్మ నడిపెన్నను కాల్చిందంటే ఆమెకు మొదట వచ్చిన ఆలోచన తాళం చెడిపోయిందని. అమ్మకు పిచ్చికోపం వచ్చి ఉంటుంది, నాన్నను చంపినవాణ్ణి ఎదురుగా చూస్తే ఏ మనిషికి రాదు, తాళం ఆపాల్సింది, ఆపలేదు, తప్పు నాదే అనుకుంది. అట్లా అనుకోవడంలో ఆమెకు కాస్త ఊరట కూడా ఉంది. కన్నతల్లిని హంతకురాలు అనుకోవడం కన్నా తన యంత్రం చెడిపోయిందనుకోవడం ఎంతో తేలిక.

కోర్టు ఆ తుపాకిని పరీక్షకు పంపింది. సుభాషిణి ముద్దాయి కూతురు కాబట్టి పరీక్ష మస్తాన్ వలి పేరు మీద, వేరే ఊరినుంచి వచ్చిన ఇద్దరు నిపుణుల ముందు జరిగింది. చెంగమ్మను తిట్టమన్నారు. ఆమె అద్దం అవతల నిలబడిన సుభాషిణిని చూసింది, ఆ తల్లి మొహం చూస్తూ నేను తిట్టలేను సార్ అని ఏడుస్తూ వెళ్ళిపోయింది. వేరేవిధంగా పరీక్షించారు. తాళంలో ఏ లోపమూ లేదు. అందరూ వెళ్ళాక అద్దం అవతలనుంచి సుభాషిణి వచ్చి, ఒక్కసారి నా చేతికివ్వు మస్తానూ అని అడిగింది. ఇవ్వకూడదని ఇద్దరికీ తెలుసు. అతను ఇచ్చాడు. ఆమె చేతిలో ఎర్రదీపం వెలిగి అట్లాగే ఉండిపోయింది, ఎంత నొక్కినా ట్రిగ్గరు రాలేదు. మస్తాన్ వలి మెల్లగా ఆమె వేళ్ళు విడిపించి తుపాకి తీసుకున్నాడు.

కడప జైల్లో అమ్మను చూడ్డానికి పోయినప్పుడు, ఏం చెబితే ఓదార్పు కలుగుతుందా అని దారంతా మాటలు కూడబెట్టుకుంది సుభాషిణి. అవేమీ పనికిరాలేదు. ఓబుళమ్మ నున్నగా తల దువ్వుకుని, తేటగా ఉంది. బాగా తింటున్నానంది, కంటినిండా నిద్రపోతున్నానంది. మిషను బెల్టు మార్పించాలని గుర్తు చేసింది. సుభాషిణి ఆగలేక, ఎందుకట్లా చేసినావు మా అని అడిగేసింది.

"వానిమీద నాకేం కోపం లేదు పాపా. కోపమంతా ఎప్పుడో ఎండిపొయ్యింది" అంది ఓబుళమ్మ. "మంచినీళ్ళడిగినాడు. ఇచ్చినా. నీ బిడ్డ ఫోటో పేపర్లో చూసినా వదినే, సంతోషం అన్న్యాడు. ఆ మాట అంటాంటే గోడకున్న తుపాకి కనపడె. నాకు ఈ మనిషిని చంపే న్యాయముందా లేదా, ఒగసారి అడిగి చూద్దాం అనుకున్యా. తీసి పట్టుకున్యా. ఎర్ర వెలిగింటే మళ్ళా మేకుకు తగిలించి వాని బుడ్డలు మిషన్లో పోసేదాన్నే. నీ మీద ఒట్టు. పచ్చ వెలిగె."

ఓబుళమ్మ కిటికీ ఊచల్లోంచి కూతురి వేళ్ళు పట్టుకుని, నువ్వు చేసిందే గదా పాపా, నాకు తప్పు చెప్తాదా అంది. ఆ చేతులు పొడిగా, చల్లగా, ఏ వణుకూ లేకుండా ఉన్నాయి. ఏ రేకూ లేకుండానే ఆ నాడిని సుభాషిణి చదవగలిగింది.

వకీలు జయరామయ్య అనుభవం పండిన మనిషి. కేసు విని ఆయన దిగులు పడలేదు, ఉత్సాహపడ్డాడు. కాల్చడం ఎవరూ కళ్ళారా చూడలేదు. పోలీసుల దగ్గర ఓబుళమ్మ ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. తుపాకి తీస్తుంటే దానంతటదే పేలిందంటే సరిపోతుంది. పరీక్షలో లోపం కనపడలేదు నిజమే, కానీ తాళం చేసిన మనిషే బోనెక్కి, ఒక్కోసారి వేడికీ దుమ్ముకీ ఇది పట్టు తప్పుతుంది, ఆ సంగతి మాకు తెలుసు అంటే కాదనేదెవరు? మీ అమ్మ ఉగాదికి ఇంట్లో ఉంటుంది అన్నాడాయన. పరిశోధనశాల పెద్దలకూ అది నచ్చింది. ఒక తాళంలో దుమ్ము పడిందంటే పోయేదేమీ లేదు, చట్టం చట్టంగానే ఉంటుంది. ఆలోచించి చూస్తే ఆ అబద్ధం వల్ల నష్టపోయేవాళ్ళు ఎవరూ కనపడలేదు. చచ్చినవాడు ఎట్లాగూ చచ్చాడు.

సుభాషిణి ఒప్పుకుంది. ఆమెను తప్పు పట్టేవాళ్ళు ఒకసారి తమ తల్లిని తలుచుకుని మాట్లాడాలి. చెప్పాల్సిన నాలుగు మాటలూ జయరామయ్య దగ్గర రెండుసార్లు అప్పజెప్పింది కూడా.

సాక్ష్యం రోజున కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటే, ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. నడిపెన్న కూతురు ఈశ్వరమ్మ. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బడి. చెన్నకేశవులు పోయిన మర్నాటినుంచి ఈశ్వరమ్మను బడి మాన్పించారు, ఎవరి పిల్లో అందరికీ తెలుసు కాబట్టి. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది లేదు. సుభాషిణి లేవబోయింది. కూర్చో అక్కా, నిన్నేమీ అనను అంది ఈశ్వరమ్మ. ఆమె గొంతులో ఏ ఎత్తుపల్లాలూ లేవు. మీ నాయిన పొయ్యినప్పుడు మీకెట్లా ఉన్న్యాదో నాకిప్పుడు తెలిసింది అంది. తర్వాత, వాన పడేలా ఉందన్నంత మామూలుగా ఇంకో మాట చెప్పింది.

"నేనూ తుపాకి తెచ్చుకున్యా. ఏమీ అడగలేదు, వారంలో ఇచ్చినారు. పొద్దున పట్టుకొని చూసినా అక్కా. నాకూ పచ్చే వెలిగింది."

సుభాషిణి ఆమె చేతుల వైపు చూసింది. ఒళ్ళో ఒకదాని మీద ఒకటి నిమ్మళంగా ఉన్నాయి. సరిగ్గా అమ్మ చేతుల్లాగే ఉన్నాయి. పాత రోజుల్లో అయితే ఈమె దరఖాస్తు పెట్టిన రోజే ఒక పోలీసు రాళ్ళపెంటకు వచ్చి నలుగురిని అడిగేవాడు. నిన్నగాక మొన్న తండ్రిని పోగొట్టుకున్న మనిషి చేతికి తుపాకి ఎందుకురా అని ఊళ్ళో పశులకాపరి కూడా చెప్పేవాడు. ఆ అడగడాన్ని మాన్పించింది ఎవరు? లోపల్నించి జవాను సుభాషిణి పేరు పిలిచాడు.

బోనులో నిలబడ్డాక ఆమెకు అమ్మ కనిపించింది. ఓబుళమ్మ కూతురి వైపు చూసి, జారిన పైట సరిచేసుకొమ్మని చూపుతోనే చెప్పింది. జయరామయ్య ధీమాగా లేచి, ఈ తాళం ఎప్పుడైనా పట్టు తప్పే అవకాశం ఉందా అని అడిగాడు.

లేదు అంది సుభాషిణి.

జయరామయ్య ప్రశ్న మార్చి అడిగాడు, వేడిని తెచ్చాడు, దుమ్మును తెచ్చాడు. లేదనే చెప్పింది. ఆయన కాగితాలు మూసి కూర్చున్నాడు. అప్పుడు జడ్జిగారే కలగజేసుకుని, మరి ఆ రోజు తాళం ఎందుకు ఆపలేదు అని అడిగారు.

"తాళం బాగానే పనిచేసిందండి. మా అమ్మ చేతిలో కోపం లేదు" అంది సుభాషిణి. "మేము కోపాన్ని కొలిచాం. చంపాలన్న నిర్ణయం కోపం లేకుండా కూడా ఉంటుంది, అది నాడిలో కనపడదు. పచ్చదీపం వెలిగితే చెయ్యి వణకడం లేదని మాత్రమే అర్థం. వాళ్ళకు న్యాయముందని కాదు, వాళ్ళ చేతికి తుపాకి ఇవ్వొచ్చనీ కాదు. ఎవరికివ్వాలో, ఎవరికివ్వకూడదో మనుషులే ఇల్లిల్లూ తిరిగి అడిగి తేల్చాలి. ఆ పని యంత్రం చేస్తుందని చెప్పింది నేను. అది తప్పు."

ఓబుళమ్మ కటకటాలు పట్టుకుని ముందుకు వంగింది. తీర్పు గురించి, జైలు గురించి ఆమెకు పట్టినట్టే లేదు.

"పాపా, అంటే నాకు న్యాయముందని అది చెప్పలేదా?"

మాట్లాడకూడదని జవాను అంటున్నాడు. జడ్జిగారు చెయ్యెత్తి అతన్ని ఆపారు.

"చెప్పలేదు మా" అంది సుభాషిణి.

ఓబుళమ్మ ఎండబోసిన కాయలో తేమ చూసినట్టు, తన అరచేతుల్ని ఒకసారి తిప్పి చూసుకుంది. వాడు నీళ్ళు తాగినాడు పాపా, నా చేతి నీళ్ళు తాగినాడు అంది. అంతవరకు ఆమె కంట చుక్క నీరు చూడని జనం, ఆమె అట్లా నేల మీద కూలబడి నడిపెన్న పేరు పెట్టి ఏడుస్తుంటే చూడలేకపోయారు. మొగుడు పోయిన రోజున కూడా ఓబుళమ్మ అంత ఏడవలేదని ఊరివాళ్ళు ఆ తర్వాత చెప్పుకున్నారు.

యావజ్జీవం పడింది. సుభాషిణి సాక్ష్యం పేపర్లన్నింటిలో వచ్చింది, అమ్మను జైలుకు పంపిన కూతురని తిట్టినవాళ్ళే ఎక్కువ. అయినా వాదోపవాదాలు మొదలై, అక్కడక్కడా అట్లాంటి చావులే బయటపడి, విచారణ లేని లైసెన్సులు ఆగిపోయాయి. ఇచ్చిన తుపాకుల్ని తిరిగి తీసుకోవడం మొదలైంది. రాళ్ళపెంటలో మొదట తెచ్చి అప్పజెప్పింది ఈశ్వరమ్మ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఇదంతా, కానీ పట్టుకోకపోతే ఇంకా కాలేవి.

సుభాషిణి పరిశోధనశాల మానేసింది. రాళ్ళపెంటకు పోయి మిషను నడపాలనుకుంది గాని ఆ షెడ్డులో అడుగు పెట్టలేకపోయింది. నెలనెలా జైలుకు పోతుంది. మొదటి రెండుసార్లు ఓబుళమ్మ ఆమెను చూడనంది. మూడోసారి వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. నిద్ర లేదు, ముద్ద దిగడం లేదని జైలు నర్సు చెప్పింది. సుభాషిణి ఊచల్లోంచి మంచినీళ్ళ గ్లాసు అందించింది. ఓబుళమ్మ రెండు చేతులతో పట్టుకుంది. చేతులు ఎంత వణుకుతున్నాయంటే, నోటిదాకా వచ్చేలోపల నీళ్ళన్నీ చీర మీద ఒలికిపోయాయి. నన్ను క్షమించు మా అంది సుభాషిణి. ఓబుళమ్మ ఆ మాట విన్నట్టు లేదు. ఒలికిన నీళ్ళను చూస్తూ, చిన్నపిల్ల కొత్తగా తెలుసుకున్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

"ఇప్పుడు నా చేతికిస్తే అది పేలదు పాపా."

పేలదు మా అంది సుభాషిణి, గ్లాసు ఆమె చేతుల్లోంచి తీసుకుంటూ.